బొమ్మ గది సాక్ష్యం

నేను ల్యాబ్ గుమ్మంలో అడుగు పెట్టేసరికి గోడ గడియారంలో ఒంటిగంటా పది అయింది. మూడింటికి ప్రిన్సిపాల్ గదిలో కమిటీ కూర్చుంటుంది, మూడుంపావుకల్లా లేస్తుంది. ఆ పావుగంటలో మూడో ఏడు ఇంజనీరింగ్ చదువుతున్న ఒక అమ్మాయి పేరు రిజిస్టర్లోంచి కొట్టేసి, పోలీసులకు ఫిర్యాదు పంపుతారు. ఫిర్యాదు అప్పటికే టైప్ అయి ఉంది. సంతకం ఒక్కటే మిగిలింది.

జరిగింది ఇదీ. శుక్రవారం ఉదయం పది యాభై రెండుకి రోబోటిక్స్ మేడమ్ ఈ ల్యాబ్‌లోని ఇనుప కంచె లోపలికి వెళ్ళింది. కంచె మధ్యలో మనిషంత ఎత్తు యంత్రపు చెయ్యి ఒకటుంది. కంచె తలుపు తెరిస్తే దానికి కరెంటు ఆగిపోవాలి. ఆ రోజు ఆగలేదు. చెయ్యి గిర్రున తిరిగి మేడమ్ తలకు తగిలింది. ఈ రోజు సోమవారం. ఆస్పత్రిలో ఆవిడ ఇంకా కళ్ళు తెరవలేదు.

తన ప్రోగ్రాంతో ఆ చెయ్యిని ఆడించిందని నింద పడిన అమ్మాయి పిన్ని ఆదివారం పొద్దున్నే నా దగ్గరికొచ్చింది. బట్టలు కుట్టే మనిషి. మెడలో కొలతల టేపు తీయడం కూడా మరిచిపోయి వచ్చింది.

“మా అక్క పోయినప్పట్నుంచీ దీన్ని నేనే పెంచానండీ. ఇది అబద్ధం చెబితే మెడ ఎర్రబడుతుంది. ఇప్పుడు ఎర్రబడలేదు. కానీ రెండు రోజుల్నుంచీ నోట్లో ముద్ద పెట్టట్లేదు,” అంది.

మెడ రంగు కోర్టులో చెల్లదు. అయితే ముప్ఫై ఏళ్ళ డిటెక్టివ్ వృత్తిలో ఇంతకంటే గట్టి సాక్ష్యంతో మొదలైన కేసులు నాకు తగిలినవి తక్కువే. ఒప్పుకున్నాను. యంత్రాలంటే నాకు భయమూ లేదు, భక్తీ లేదు, ఉన్నదల్లా కోపమే. డిప్లొమా రెండో ఏడాదిలో మెషిన్ డ్రాయింగ్ మూడుసార్లు తప్పి చదువు మానేసినవాణ్ణి నేను.

పిన్నిని గుమ్మం పక్కన బెంచీ మీద కూర్చోబెట్టి లోపలికి వెళ్ళాను. ల్యాబ్ అసిస్టెంటు ఒక్కడే ఉన్నాడు, కంప్యూటర్లు తుడుస్తున్నాడు. అందరూ ఆయన్ని బాబాయి అంటారు. నా ఈడువాడే అయినా నేనూ అలాగే పిలిచాను.

“ఇక్కడ పాఠం ఎలా చెబుతారో మొదట్నుంచీ చెప్పండి బాబాయ్. నాకేమీ తెలియదనుకోండి.”

“తెలియదని మీ మొహమే చెబుతోంది లెండి,” అన్నాడు. కానీ ఓపిగ్గానే చెప్పాడు. “ఇక్కడ రెండు గదులున్నాయండీ. ఇది నిజం గది. కంచె, పెద్ద చెయ్యి, దాని ముందు బల్ల. అచ్చం ఇదే గది ప్రతి కంప్యూటర్లోనూ ఉంటుంది. అది బొమ్మ గది. పిల్లలు ప్రోగ్రాం రాసి ముందు బొమ్మ చెయ్యి మీద ఆడించుకుంటారు. బొమ్మ చెయ్యి గోడకి గుద్దుకున్నా ఎవరికీ ఏమీ కాదు కదా. బరువు ఎక్కువైతే వంగుతుంది, వేగం ఎక్కువైతే దిమ్మె జారి పడుతుంది. పుస్తకంలో తలకెక్కనిది అక్కడ చూస్తే ఎక్కుతుంది. అందులో పాసైతేనే పెద్ద చెయ్యి దగ్గరికి రానిస్తాం.”

“రెండు గదులూ ఒకటేనని గ్యారంటీ ఏమిటి?”

“ప్రతి గురువారం సాయంత్రం ఐదింటికి కాపీ తీస్తాం. నేను కంచె తలుపు ఒకసారి తీసి మూస్తాను. బల్ల మీద దిమ్మె పెట్టి తీస్తాను. ఎర్ర మీట నొక్కుతాను. ఏది ఏం సిగ్నల్ ఇచ్చిందో కంప్యూటర్ రాసుకుని ముప్ఫై బొమ్మ గదుల్లోకీ పంపిస్తుంది.”

“అది రాసుకున్నది మీరు చదువుతారా?”

బాబాయి చేతిలో గుడ్డ మడత పెట్టాడు. “నేను తీసి మూసేవాణ్ణండీ.”

మరో సంగతి కూడా చెప్పాడు. కాపీ అయ్యాక మేడమ్ బొమ్మ గదిలో ఒక దొంగని దాస్తుందట. దొంగ అంటే కావాలని పెట్టిన తప్పు. ఏదో ఒక కొలతో బరువో మార్చేస్తుంది. శుక్రవారం పొద్దున పిల్లలు దాన్ని వెతికి పట్టుకోవాలి. పట్టుకున్నవాళ్ళకి క్లాసంతా చప్పట్లు కొడుతుంది. జవాబు కవర్లో పెట్టి, అంటించి, అతుకు మీద సంతకం చేసి నోటీసు బోర్డుకి గుచ్చుతుంది. క్లాసు చివర్లో అందరి ముందూ విప్పుతుంది. నా వృత్తిని కాలేజీలో పాఠంగా చెబుతున్నారని నాకు అప్పుడే తెలిసింది. నన్నెవరూ పిలవలేదని కాస్త చిన్నబుచ్చుకున్నాను కూడా.

“నిజం గదిలో ఎప్పుడైనా దొంగని పెట్టిందా?”

“అమ్మో! ఆరేళ్ళలో ఒక్కసారి కూడా లేదు. అందులో వేలు పెట్టనివ్వదు.”

శుక్రవారం కవరు ఇంకా బోర్డు మీదే ఉంది. ఆ రోజు విప్పే క్షణం రానేలేదు.

కంచె దగ్గరికి వెళ్ళాను. తలుపు పక్క స్తంభానికి అరచేతి వెడల్పు నల్లటి డబ్బా, అందులో తలుపు స్విచ్. డబ్బాకు నాలుగు స్క్రూలు. మూడు డబ్బాని స్తంభానికి బిగించేవి, ఒకటి మూతది. ఆ మూడింటి తలలు దుమ్ము పట్టి ఉన్నాయి. నాలుగూ అలాగే ఉండాలి గానీ, మూత స్క్రూ గాడి మాత్రం తళతళలాడుతోంది. స్తంభానికి మూరెడు దూరంలో బల్ల.

“ఈ బల్ల ఏం చేస్తుంది?”

“బరువు చూస్తుందండీ. దాని మీద ఏది పెట్టినా పెద్ద చెయ్యి వచ్చి పట్టుకుంటుంది. దాని పనే అది.”

“శుక్రవారం మేడమ్ చేతిలో ఏముంది?”

“స్క్రూడ్రైవర్. నా దగ్గరే తీసుకుంది.”

“తర్వాత అది ఎక్కడ దొరికింది?”

బాబాయి పెద్ద చెయ్యి కొసన ఉన్న ఉక్కు వేళ్ళ వైపు చూపించాడు. “దాని పట్టులోనే ఉంది. పదకొండింటికి నేనే లాగాను.”

ఇది కాలేజీ తెప్పించుకున్న నిపుణుడి రిపోర్టులో ఎక్కడా లేదు. నా పుస్తకంలో రాసుకున్నాను.

ఒకటీ నలభైకి ఆ అమ్మాయిని పిలిచాను. పల్చటి మనిషి, గోళ్ళు కొరుక్కుని వేళ్ళు పుండయ్యాయి. ఏడవలేదు. ఏడ్చేవాళ్ళతో మాట్లాడటం సులువు, ఈ రకంతో కష్టం.

“శుక్రవారం ఏం చేశావో చెప్పమ్మా. వరుసగా.”

“తొమ్మిదిన్నరకి క్లాసు మొదలైంది సార్. దొంగ కోసం అన్నీ ఒక్కొక్కటిగా చూసుకుంటూ వచ్చా. చెయ్యి తిరుగుతుండగా బొమ్మ తలుపు తీశా. ఆగలేదు. మళ్ళీ తీశా, ఆగలేదు. దొంగ దొరికాడని గట్టిగా అరిచా. అందరూ చప్పట్లు కొట్టారు.” ఒక్క క్షణం ఆగింది. “మేడమ్ వచ్చి చూసింది. ఎప్పుడూ నవ్వుతుంది సార్ మేడమ్. ఆ రోజు నవ్వలేదు. నా నోట్సులో సంతకం పెట్టి, బాబాయి దగ్గర స్క్రూడ్రైవర్ తీసుకుని కంచె వైపు వెళ్ళింది. నేను చెప్పడం వల్లే వెళ్ళింది. నేను చెప్పకుండా ఉంటే బావుండేది.”

“నీ ప్రోగ్రాం పెద్ద చెయ్యికి పంపావా?”

“లేదు సార్.”

మెడ చూశాను. ఎర్రబడలేదు.

సరిగ్గా అప్పుడే నిపుణుడు వచ్చాడు. ఈ పెద్ద చెయ్యిని కాలేజీకి అమ్మిన కంపెనీ ఇంజనీరు. ప్రమాదం ఎలా జరిగిందో రిపోర్టు ఇమ్మని కాలేజీ ఈయన్నే అడిగింది. ఇస్త్రీ నలగని చొక్కా, మెడలో గుర్తింపు బిళ్ళ, చంకలో లావుపాటి డైరీ.

“డిటెక్టివ్ గారా? ఎవరి భార్య ఎక్కడికెళ్తోందో కనిపెట్టేవాళ్ళకి ఇక్కడేం పని?”

“ఆ పనీ చేస్తానండీ. ఎక్కువగా మొగుళ్ళే దొరుకుతుంటారు.”

ఆయన నవ్వలేదు. ఆ అమ్మాయి కంప్యూటర్ ముందు నిలబడి, చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పాడు. “చూడండి. ఇది ఈ పిల్ల కంప్యూటర్ రాసుకున్న చిట్టా. శుక్రవారం పది యాభై ఒకటికి ప్రోగ్రాం నడిపింది. పది యాభై రెండుకి దెబ్బ తగిలింది. ఈ ప్రోగ్రాంలో తలుపు ఎప్పుడూ మూసే ఉన్నట్టు ఉంది. అది పొరపాటున పెద్ద చెయ్యికి వెళ్ళింది. తలుపు తెరిచినా చెయ్యి ఆగలేదు. ఇంకేం కావాలి?”

“తలుపు స్విచ్చే పాడైతే?”

“రండి.” విసురుగా వెళ్ళి కంచె తలుపు లాగాడు. చెయ్యి మీద పచ్చ దీపం ఠక్కున ఆరిపోయింది. మూశాడు, వెలిగింది. “శుక్రవారం పన్నెండింటికి నేను వచ్చి చూసినప్పుడూ ఇలాగే పనిచేసింది. మీ పప్పులు ఇక్కడ ఉడకవు.”

ఆ అమ్మాయి తల దించుకుంది. నిజం చెప్పొద్దూ, నాకూ దారి కనబడలేదు. దీపం ఆరడం కళ్ళారా చూశాక ఏమనగలం?

ఏమీ తోచనప్పుడు తెలివితక్కువ ప్రశ్నలు అడగడం నా అలవాటు. “అమ్మా, ఆ బొమ్మ చెయ్యి ఎలా ఆడుతుందో నాకోసారి చూపిస్తావా?” అన్నాను.

ఆమె నొక్కింది. తెర మీద బొమ్మ చెయ్యి హడావిడిగా దిమ్మెలు ఎత్తిపెట్టసాగింది. నాకది కాస్త తొందరగా కదులుతున్నట్టు అనిపించింది. తెర మూలన చిన్న గడియారం కనిపించింది. దాన్నీ గోడ గడియారాన్నీ మార్చి మార్చి చూశాను. గోడ మీద నిమిషం గడిచేసరికి తెర మీద రెండు నిమిషాలు గడిచాయి.

“ఇదేంటమ్మా, ఇది పరిగెడుతోంది?”

“రెట్టింపు వేగంలో పెట్టా సార్. ఒక్కో పరీక్ష మామూలుగా చేస్తే క్లాసు సరిపోదు. అందరం అలాగే చేస్తాం. అది బొమ్మ గది గడియారం. మనం ఆపితే ఆగుతుంది, తోస్తే పరిగెడుతుంది.”

“చిట్టాలో రాసేది ఏ గడియారం?”

“బొమ్మ గడియారమే.” ఆమె తల ఎత్తింది. నేను ఎటు వెళ్తున్నానో ఆమెకు నాకంటే ముందే అర్థమైంది. “సార్, నా నోట్సు! మేడమ్ మాతో రెండు టైములూ రాయిస్తుంది.”

సంచీలోంచి తీసి నా ముందు పెట్టింది. పేజీకి ఎడమ వైపు ‘గోడ’, కుడి వైపు ‘బొమ్మ’. చివరి వరుసలో గుండ్రటి అక్షరాలు: గోడ 10.25, బొమ్మ 10.51, తలుపు తీసినా ఆగలేదు. దాని కింద ఎర్ర సిరాలో మేడమ్ సంతకం, పక్కనే ‘చూశాను, 10.40’.

నేను పేజీని నిపుణుడి వైపు తిప్పాను. “మీ పది యాభై ఒకటి అసలు పది ఇరవై ఐదండీ. దెబ్బ తగలడానికి ఇరవై ఏడు నిమిషాల ముందు.”

“చేతిరాత. ఎవరైనా ఎప్పుడైనా రాసుకోవచ్చు.”

“మేడమ్ సంతకం కూడానా? పది యాభై రెండు తర్వాత ఆవిడ కళ్ళు తెరవలేదు.”

ఆయన బయటికెళ్ళి ప్రిన్సిపాల్‌ని వెంటబెట్టుకొచ్చాడు. నన్ను పంపించేయడానికే. ప్రిన్సిపాల్ మంచివాడే, కానీ మూడు రోజుల్నుంచీ ప్రతి ఫోన్‌కీ ఉలిక్కిపడుతున్న మనిషి. ఏదో ఒకటి తేలిపోతే చాలనుకుంటున్నాడు.

“ఇంకో పావుగంట ఇవ్వండి,” అన్నాను. “ఒక కవరు విప్పాలి, అంతే.”

“పిల్లల ఆటండీ అది,” అన్నాడు నిపుణుడు.

“ఆటే. అందుకే మీరు చూడలేదు.”

రెండూ ఇరవైకి బాబాయి బోర్డు మీంచి కవరు తీశాడు. అతుకు మీద సంతకం చెక్కుచెదరలేదు. ప్రిన్సిపాల్ చేతనే విప్పించాను. లోపలి కాగితం ఆయనే పైకి చదివాడు. “ఈ వారం దొంగ: దిమ్మె బరువు. బొమ్మ గదిలో రెండు కిలోలని పెట్టాను, అసలు మూడు.”

మొదట తేరుకున్నది ఆ అమ్మాయి. “దిమ్మె బరువా? మరి తలుపు…” అని ఆగిపోయింది.

“తలుపుని మేడమ్ ముట్టుకోలేదమ్మా. నువ్వు పట్టుకున్నది ఆవిడ దాచిన దొంగని కాదు. ఇంకెవరో పెట్టిన దొంగని.”

“అదే నేనంటున్నది!” నిపుణుడు అందుకున్నాడు. “ఈ పిల్లే తన బొమ్మ గదిలో తలుపు మార్చుకుంది.”

“సరే, అలాగే అనుకుందాం. అయితే ఆ మార్పు ఈ ఒక్క కంప్యూటర్లోనే ఉండాలి కదా. బాబాయ్, శుక్రవారం క్లాసుకి రానివాళ్ళు ఎవరైనా ఉన్నారా?”

“పదిహేడో నంబరు. జ్వరం. ఆ కంప్యూటర్ గురువారం నుంచీ ఎవరూ తెరవలేదు.”

“తెరవండి.”

ఆ రెండు నిమిషాలు నాకు చాలా పొడుగ్గా అనిపించాయి. నా లెక్క తప్పితే నష్టపోయేది నేను కాదు మరి. తెర మీద బొమ్మ గది వచ్చింది. బాబాయి బొమ్మ చెయ్యిని కదిలించి, బొమ్మ తలుపు తీశాడు. చెయ్యి ఆగలేదు. పక్క కంప్యూటర్ తెరిచాడు. అక్కడా ఆగలేదు. మూడోది. అంతే.

“గురువారం సాయంత్రం ఐదింటికి నిజం గది నుంచి ముప్ఫైకీ ఒకేసారి వచ్చిన కాపీ ఇది,” అన్నాను. “అంటే గురువారానికే నిజం తలుపు చచ్చిపోయి ఉంది. బాబాయి తీసి మూశారు, కంప్యూటర్ మాత్రం ‘మూసే ఉంది’ అని రాసుకుంది. ఆ రాసుకున్నది ఎవరూ చదవలేదు. పది నలభైకి ఈ అమ్మాయి తెర మీద చూసి మేడమ్ ఒక్కతే చదివింది. తను పెట్టని తప్పు అక్కడ ఉందంటే నిజం గదిలోనే ఉండాలని ఆవిడకు తెలుసు. అందుకే నవ్వలేదు.”

బాబాయి కుర్చీలో కూలబడ్డాడు. ఆయన్ని ఓదార్చే తీరిక నాకు లేకపోయింది. ఇప్పటికీ ఆ మొహం గుర్తొస్తుంది.

ప్రిన్సిపాల్ అడిగాడు. “తలుపు పనిచేయట్లేదని అనుమానం ఉన్న మనిషి, కరెంటు తీయకుండా లోపలికి ఎలా వెళ్ళిందండీ?”

గుమ్మం దగ్గర్నుంచి పిన్ని జవాబు చెప్పింది. ఎప్పుడు లేచి వచ్చిందో, తలుపు చెక్క పట్టుకుని నిలబడి ఉంది. “నేనూ సూది మార్చేటప్పుడు పెడల్ మీంచి కాలు తీస్తానండీ. ఇరవై ఏళ్ళుగా తీస్తున్నా. మొన్నామధ్య తీశాననుకుని తీయలేదు. చూడండి.” బొటనవేలు చూపించింది. గోరు మధ్యలో నల్లటి చుక్క ఉంది.

నాకు స్క్రూడ్రైవర్ సంగతి అప్పుడే బోధపడింది. ఆరేళ్ళుగా ఆ తలుపు తీయగానే చెయ్యి నిద్రపోయేది. ఆవిడ బుర్ర తలుపుని అనుమానించింది గానీ, ఆవిడ చేతులు ఇంకా నమ్ముతూనే ఉన్నాయి. స్విచ్ డబ్బా వైపు వంగుతూ, చేతిలో స్క్రూడ్రైవర్ అడ్డమైతే పక్కనున్న బల్ల మీద పెట్టి ఉంటుంది. బల్ల బరువు చూసింది. చెయ్యి తన పని తాను చేసింది. మీట నొక్కినవాళ్ళు ఎవరూ లేరు. క్లాసు పిల్లలంతా నిజమైన ప్రమాదాన్ని తెర మీద కళ్ళారా చూసి, పాఠమనుకుని చప్పట్లు కొట్టారు. తప్పులు దాచి పాఠం చెప్పే చోట తప్ప ఇంకెక్కడా జరగదు ఇది. నాకు చాలా బాధేసింది.

“బాబాయ్, గురువారానికి ముందు ఈ కంచె జోలికి ఎవరెళ్ళారు? రిజిస్టర్ తీయండి.”

తీయనక్కర్లేకపోయింది. ఆయన అప్పటికే నిపుణుడి వైపు చూస్తున్నాడు. అయినా తెచ్చాడు. బుధవారం, సాయంత్రం నాలుగూ పది నుంచి నాలుగూ ముప్ఫై ఐదు వరకు, కంపెనీ సర్వీసు. కింద సంతకం. ఈయన రిపోర్టు చివర ఉన్న సంతకమే.

“ఆ డబ్బాకి మూత స్క్రూ ఒక్కటే మెరుస్తోందండీ,” అన్నాను నెమ్మదిగా. “బుధవారం ఒకసారి విప్పారు, శుక్రవారం పన్నెండింటికి ఇంకోసారి. నిజం గదిలో గుర్తు తీసేశారు. బొమ్మ గది సంగతి మీకు తట్టలేదు.”

నిపుణుడు ప్రిన్సిపాల్ వైపు, తలుపు వైపు, మళ్ళీ నా వైపు చూశాడు. తర్వాత ఆ ఇస్త్రీ చొక్కాలోంచి గాలి తీసేసినట్టు అయిపోయాడు.

“చిన్న తీగ ముక్క,” అన్నాడు. “స్విచ్ రెండు కొసలకీ తగిలిస్తే తలుపు మూసే ఉన్నట్టు లెక్క. ఈసారి వచ్చిన స్విచ్‌లన్నీ లోపంతో వచ్చాయి. తలుపు మూసి ఉన్నా ఊరికే కరెంటు కొట్టేస్తున్నాయి. అన్ని కాలేజీల నుంచీ తిట్లు. కొత్తవి వచ్చేదాకా తీగ వేయమని పైనుంచి చెప్పారు. రెండు వారాలు, అంతే. పని జరిగేటప్పుడు కంచెలోకి ఎవరెళ్తారనుకున్నాను.”

“మా పిల్లని జైల్లో పెట్టించాలని కూడా పైవాళ్ళే చెప్పారా?” గుమ్మంలోంచి అడిగింది పిన్ని.

ప్రిన్సిపాల్ జేబులోంచి ఫిర్యాదు కాగితం తీసి రెండుగా చింపాడు. అప్పటికి రెండూ ముప్ఫై ఎనిమిది. నా పని అయిపోయింది. ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. పుస్తకం మూసి పెన్ను జేబులో పెట్టుకున్నాను కూడా.

ఆ అమ్మాయి మాత్రం సంతోషించలేదు. నిపుణుడినే చూస్తోంది, లెక్క తేలనప్పుడు తెరని చూసినట్టు.

“బుధవారం ఇక్కణ్ణుంచి ఎక్కడికెళ్ళారు సార్?”

అన్ని కాలేజీల నుంచీ తిట్లు. ఇప్పుడే విన్నాను ఆ మాట, విని ఊరుకున్నాను.

“ఇక్కడి తీగ తీసేశారు,” అంది ఆమె. “మిగతావి?”

నిపుణుడు డైరీ తెరిచి, వేలు ఒక గీత మీద ఆనించి, గోడ గడియారం చూశాడు. “పాలిటెక్నిక్… వాళ్ళకి సోమవారం రెండింటికి ప్రాక్టికల్స్.” నంబరు ఆయనే నొక్కాడు, రెండుసార్లు తప్పి మూడోసారి సరిగ్గా. అందరికీ వినిపించేలా పెట్టాడు.

అటునుంచి ఒక ఆడమనిషి తీసింది. వెనక మోటారు హోరు వినిపిస్తోంది.

“సార్ ఇప్పుడు మాట్లాడలేరండీ. కంచె లోపల ఉన్నారు. పావుగంట ఆగి చేయండి.”

“పిలవండమ్మా! వెంటనే బయటికి రమ్మనండి!” ప్రిన్సిపాల్ కేకపెట్టాడు.

ఆ అమ్మాయి ఫోన్ లాక్కుంది. “పిలవకండి! అక్కా, పిలవకండి. ఆయన చేతిలో ఏమైనా ఉందా?”

“ఏదో పట్టకారు లాంటిది ఉంది. ఎందుకూ?”

“పిలిస్తే అది బల్ల మీద పెట్టి వస్తారు. పెడితే చెయ్యి కొడుతుంది. ఆయనతో మాట్లాడకండి. గోడ మీద పెద్ద మెయిన్ స్విచ్ ఉంటుంది, కనబడుతోందా? ఫోన్ అక్కడే పెట్టేసి, పరిగెత్తకుండా వెళ్ళి, దాన్ని కిందికి దించెయ్యండి. తర్వాత ఎవరేం తిట్టినా నాదే పూచీ.”

ఫోన్ కింద పెట్టిన చప్పుడు. చెప్పుల చప్పుడు దూరమైంది. మోటారు హోరు అలాగే ఉంది. పిన్ని ఎప్పుడొచ్చిందో ఆ అమ్మాయి భుజం పట్టుకుని నిలబడింది. బాబాయి కళ్ళు మూసుకున్నాడు. నేను గడియారం చూడలేదు, ఆ కేసు మొత్తంలో నేను టైము రాసుకోనిది అక్కడొక్కచోటే.

హోరు ఆగిపోయింది.

ఎక్కడో దూరంగా ఒక మగ గొంతు మండిపడింది. “ఎవరే కరెంటు తీసింది? బుద్ధుందా మీకు?” ఆ తిట్లు వింటూ ప్రిన్సిపాల్ చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు. నాకూ కళ్ళు చెమర్చాయి, దాచుకోలేదు.

ఆ అమ్మాయి ఏడవలేదు. ఎందుకు తీయించిందో ఆ సార్‌కి రెండు ముక్కల్లో చెప్పి, డబ్బా విప్పి తీగ తీసేదాకా స్విచ్ ఎత్తొద్దని ఒట్టు వేయించుకుని ఫోన్ పెట్టేసింది. తర్వాత నిపుణుడి ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

“ఇంకెన్ని ఉన్నాయి సార్?”

“పది,” అన్నాడు. “వాటిల్లో నాలుగింట్లో ఈపాటికి క్లాసు నడుస్తుంటుంది.”

డైరీ ఆమె ముందు పెట్టి మొదటి నంబరు చదవబోయాడు. నాలుగో అంకె రెండుసార్లు తప్పు చదివాడు. ఆ అమ్మాయి డైరీని తన వైపు తిప్పుకుని, మిగతా అంకెలు తనే నొక్కింది.